ఈ ఉక్కపోతలో పచౌలి అత్తరు వేసుకునేవాళ్ళు ఎవరైనా ఉన్నారా?

కోట వీధి టీచర్ (విజయనగరం):
అందరికీ నమస్కారం. హైస్కూల్లో సోషల్ చెప్తాను. టాల్కం పౌడరు తప్ప ఒంటికి ఇంకే వాసనా ఎరగనిదాన్ని. మా తమ్ముడు బెంగళూరు నుంచి వస్తూ పచౌలి అత్తరు చిన్న సీసా తెచ్చిచ్చాడు. మూత తీస్తే తడి మట్టి, ఎండాకులు, వెనకాల కాస్త కర్పూరం ఘాటు. పూల వాసన ఊసే లేదు. నాకు మాత్రం విపరీతంగా నచ్చేసింది. మణికట్టు మీద రాసుకుని పేపర్లు దిద్దుకుంటూ కూర్చుంటే, పొద్దుటి ఘాటంతా మధ్యాహ్నానికి దిగిపోయి కొంచెం తియ్యగా, కొంచెం చెక్క వాసనగా మారుతుంది. ఆ మార్పు కోసమే వేసుకుంటున్నాను.

ఇబ్బందల్లా పక్కవాళ్ళతోనే. మా అత్తగారు "ఏటమ్మా, పాత ట్రంకుపెట్టె తెరిచినట్టు ఈ వాసనేటి?" అంటారు. స్టాఫ్ రూములో ఒక మేడం లేచి వెళ్ళి కిటికీ తెరిచారు. అప్పటికి నా ముక్కుకి ఏ వాసనా తెలియడం లేదు! కరెంటు పోయి ఫ్యాను ఆగితే క్లాసులో పిల్లలు ఏమవుతారోనని టెన్షన్. మానేయాలని మాత్రం లేదు. ఎలా వేసుకోవాలి? మట్టి అత్తరంటే ఇదేనా?

నాగావళి గట్టు (శ్రీకాకుళం):
టీచర్ గారూ, మానేయకండి. మాది ఖద్దరు కొట్టు, మా నాన్నగారి కాలం నుంచీ ఉంది. పచౌలి గురించి నేను మొదట విన్నది బట్టల వ్యాపారంలోనే. 19వ శతాబ్దంలో కాశ్మీరు శాలువలు ఓడల్లో ఇంగ్లండు వెళ్ళేటప్పుడు, పురుగు కొట్టకుండా మడతల్లో ఎండిన పచౌలి ఆకు పెట్టేవారు. దిగేసరికి శాలువ నిండా అదే వాసన. ఆ వాసన ఉంటేనే అసలు సరుకని అక్కడివాళ్ళు నమ్మేవారు. చివరికి యూరప్‌లో నేసిన నకలు శాలువలకి కూడా ఆ వాసన పట్టించి అమ్మారు. మీ అత్తగారి ముక్కు సరిగ్గానే పట్టింది, పెట్టెలో దాచిన మంచి బట్ట వాసనే అది.

మట్టి అత్తరు వేరు. కనౌజ్‌లో కాల్చిన మట్టిని రాగి పాత్రల్లో నీళ్ళతో మరిగించి, ఆ ఆవిరిని గంధం నూనెలోకి దించుతారు. పచౌలిలో మట్టి ఏమీ ఉండదు, అది ఆకు నూనె. తులసి, పుదీనా కుటుంబానికి చెందిన మొక్క, ఎక్కువగా ఇండోనేషియాలో పండిస్తారు. ఆకు ఎండబెట్టి ఆవిరితో నూనె తీస్తారు. నిల్వ ఉన్నకొద్దీ ఘాటు తగ్గి బాగుపడే నూనె ఇది. సీసా ఎండ తగలని చోట పెట్టుకోండి, తొందరపడి ఖర్చు చేసేయాల్సిన పని లేదు.

ఇక మన ఉక్క సంగతి. ఆ నూనెలో దాదాపు మూడోవంతు పచౌలాల్ అనే బరువైన పదార్థం. అది మెల్లగా ఆవిరవుతుంది కాబట్టే సాయంత్రం దాకా నిలుస్తుంది. ఒళ్ళు వేడిగా ఉంటే వాసన ఎక్కువగా లేస్తుంది. పైగా ఎప్పుడూ ఉండే వాసనకి మన ముక్కు అలవాటు పడిపోతుంది, ఎదుటివాళ్ళ ముక్కు పడదు. కిటికీ తెరిచిన మేడం విషయంలో జరిగింది అదే. మీకు తెలియడం లేదని మళ్ళీ రాసుకోకండి.

నేనైతే స్నానం చేసి ఒళ్ళు బాగా ఆరాక, మూతకున్న కడ్డీకి అంటినంతే, చీలమండ దగ్గర రాసుకుంటాను. మెడ, మణికట్టు జోలికి పోను. బయల్దేరడానికి గంట ముందు రాసుకుంటే మొదటి ఘాటు ఇంట్లోనే పోతుంది. ముసురు పట్టిన రోజుల్లో, సంక్రాంతి చలిలో దీని అందమే వేరు. మే నెల ఎండల్లో నేను సీసా ముట్టుకోను. ఇంకొకటి, తెల్ల పొందూరు ఖద్దరు మీద చుక్క కూడా పడనివ్వకండి. ఆ నూనె గోధుమరంగులో ఉంటుంది, మరక పడితే వదలదు. వాలుగ చేప దవడతో దూది దువ్వి వడికే నూలది, పాడైతే నా ప్రాణం ఊరుకోదు.

రాజాం నర్సు:
పైన చెప్పినవి బాగున్నాయి కానీ, క్లాసుకి మాత్రం వద్దంటాను అక్కా. ఘాటు వాసనకి ఉబ్బసం ఉన్న పిల్లలకి ఆయాసం రావచ్చు, కొందరికి తలనొప్పి పట్టుకుంటుంది. పిల్లలు నోరు తెరిచి టీచరుకి చెప్పలేరు కదా. మీది అచ్చమైన నూనె అయితే నేరుగా ఒంటికి రాయకండి. కొబ్బరినూనెలో బాగా పలచన చేసి, ముందు మోచేతి లోపల కొంచెం రాసి మర్నాటి దాకా చూడండి. దురద, ఎరుపు లేకపోతేనే వాడండి.

సరిహద్దు మనిషి (ఇచ్ఛాపురం):
మాకు ఊరు దాటితే ఒడిశా గంజాం జిల్లా, మొగలిపూల అత్తరుకి పేరు. నాకు మొగలే ఇష్టం, పచౌలి నాకు బరువు. అయినా కొనాలనుకునేవాళ్ళకి ఒక మాట. పచౌలి అని అమ్మేవన్నీ మట్టి వాసన రావు. 1992లో వచ్చిన ఏంజెల్ అనే ఫ్రెంచి సెంటు తర్వాత చాక్లెట్, వెనిలా తీపితో కలిపినవి చాలా వచ్చాయి. చేతి మీద రాయించుకుని, బజారులో పని చూసుకుని వచ్చి, అప్పుడు కొనండి.

కోట వీధి టీచర్:
అందరికీ ధన్యవాదాలు. చెల్లీ, నువ్వు చెప్పాక గుర్తొచ్చింది, మా ఏడో తరగతిలో ఇన్‌హేలర్ వాడే బాబు ఉన్నాడు. బడికి ఇక వేసుకోను. సాయంత్రం పెద్ద చెరువు వైపు నడకకి, ఆదివారాలకి ఉంచుకుంటాను. వచ్చే నెల బంధువుల పెళ్ళి ఉంది. తలలో మల్లెపూలు ఉంటాయి కదా, రెండూ కలిస్తే ఎబ్బెట్టుగా ఉంటుందా గట్టు గారూ?

నాగావళి గట్టు:
ఎబ్బెట్టేమీ ఉండదమ్మా. సెంట్లు తయారుచేసేవాళ్ళు కూడా మల్లె లాంటి తేలిక వాసనల కింద పచౌలిని వేస్తారు, పై వాసన కొంచెం ఎక్కువసేపు నిలవడానికి. కాకపోతే పెళ్ళిపందిట్లో ఉక్క ఎక్కువ, అందుకని మామూలుకన్నా సగం చాలు. అత్తరు ముందు రాసుకోండి, పట్టుచీర అది పూర్తిగా ఆరాకే కట్టుకోండి.