‘మగువ ... దెలుపు నొక్క మారుత మొలసెన్’: పొలపా, పొలుపా, వలపా?

రావులపాలెం:
మూడు రోజులుగా ఒక పద్యపాదం నోట్లో ఆడుతోంది, పూర్తిగా పట్టు దొరకడం లేదు. ‘మగువ వలపు దెలుపు నొక్క మారుత మొలసెన్’. పెద్దన గారి మనుచరిత్రలోదని తెలుసు. ప్రవరుడు మంచుకొండల్లో దారి తప్పి తిరుగుతున్నప్పటిదని తెలుసు. అనుమానమల్లా ఆ రెండో మాట మీదే. అది వలపేనా? చదివినప్పుడు ఇంకేదో ఉన్నట్టు గుర్తు.

ఇప్పుడెందుకు గుర్తొచ్చిందో చెబుతాను. మా మేనకోడలు హైదరాబాదులో ఉద్యోగం చేస్తోంది. పండక్కి వస్తూ ఒక సెంటు సీసా తెచ్చుకుంది. హాల్లో నిలబడి మణికట్టు మీద ఒక్కసారి కొట్టుకుంది, అంతే. వంటింట్లోంచి మా అమ్మ ‘పాకం ఎవరు పట్టారే, చెప్పనైనా లేదు’ అంటూ వచ్చేసింది. పొయ్యి మీద ఏమీ లేదు. ‘ఇది గూర్మాండ్ రకం మావయ్యా, తినేవాటి వాసనలతో చేస్తారు. వెనీలా, కారమెల్, చాక్లెట్, బాదం, ఇలాంటివి’ అంది పిల్ల. సెంటంటే మల్లె, గులాబి, గంధం, జవ్వాది, ఇంతవరకే నాకు తెలిసింది. ఈ రకం సంగతి తెలిసినవారు మొదటి నుంచి చెప్పండి. దీనికి తెలుగులో పేరేం పెట్టాలో కూడా చెప్పండి. ముందు ఆ పాదం తేల్చండి.

ద్రాక్షారామం:
పద్యం ఇదండి.

మృగమద సౌరభ విభవ
ద్విగుణిత ఘనసార సాంద్ర వీటీ గంధ
స్థగితేతర పరిమళమై
మగువ పొలపు దెలుపు నొక్క మారుత మొలసెన్

కస్తూరితో రెట్టింపైన కర్పూర తాంబూలపు వాసన మిగతా పరిమళాలను కప్పేస్తూ ఒక గాలి వీచిందని భావం. ఇక మీ మాట, పొలపు. పొలయు అంటే మసలు, తిరుగాడు. పొలపు అంటే ఆ మసలిన జాడ. దగ్గర్లో ఒక ఆడమనిషి ఉందని గాలి కబురు చెప్పింది. వలపు పెడితే కథే చెడుతుంది. ఆ మగువ వరూధిని అతన్ని ఇంకా చూడనే లేదు, ప్రవరుడికి ఇల్లు చేరడం తప్ప వేరే ధ్యాస లేదు. ఇక గాలి ఎవరి వలపును తెలపాలి?

పాలకొల్లు:
మాస్టారూ, మీ పాఠం నాకూ కంఠస్థమే. కానీ వలపును అంత తేలిగ్గా కొట్టిపారేయకండి. వలచు అంటే ప్రేమించు ఒక్కటే కాదు, పరిమళించు అని కూడా. వలపు అంటే పరిమళం. ఆ అర్థం ఇప్పుడు వాడుకలో లేదు గానీ నిఘంటువుల్లో ఉంది. అప్పుడు ‘మగువ వలపు’ అంటే ఆ స్త్రీ తావి. కథ ఎక్కడా చెడదు. ఛందస్సు కూడా అడ్డం రాదు. పొలపు మూడు లఘువులు, వలపు మూడు లఘువులు. యతి ‘మారుత’ మీద, ప్రాస గకారం మీద ఉన్నాయి. ఆ మాటకు రెండింటి కాపలా లేదు.

అమలాపురం:
మా నాన్నగారు ‘పొలుపు దెలుపు’ అని చదివేవారు. ఆ ‘లుపు, లుపు’ పక్కపక్కన పడితే ఎంత బావుంటుందో ఒకసారి పైకి చదివి చూడండి.

ద్రాక్షారామం:
పొలుపు అంటే చక్కదనం, అమ్మా. పొలుచు నుంచి వచ్చింది, పొలయు నుంచి కాదు. మనిషిని చూడకుండా చక్కదనం తెలిసేదెలా?

అమలాపురం:
తెలుస్తుంది మాస్టారూ. కస్తూరి కలిపిన కర్పూర తాంబూలం నమిలే మనిషి కట్టెలు ఏరుకోవడానికి వచ్చిన మనిషి కాదని ఆ గాలికి తెలీదా? పొలుపంటే ముఖం చక్కదనం ఒక్కటేనా, ఆ దర్జా, ఆ తీరు కూడా. ఆ ఒక్క ఉకారం దగ్గర మా నాన్నగారు గొంతు తగ్గించేవారు. ఇప్పటికీ నాకు ఆ పాదం ఆయన గొంతులోనే వినిపిస్తుంది.

కాకినాడ:
అక్షరం మీరు తేల్చుకోండి. రావులపాలెం గారు మొదటి నుంచి చెప్పమన్నారు కాబట్టి సెంటు సంగతి నేను చెబుతాను. చాలా ఏళ్లుగా ఇదే నా పిచ్చి.

పూలను వదిలి తిండి వాసనల వైపు సెంటు ఎలా మళ్లిందంటే, ముందు ప్రయోగశాల నుంచే. 1868లో కూమరిన్, 1874లో వెనిలిన్ కృత్రిమంగా తయారయ్యాయి. కూమరిన్ కొత్తగా కోసి ఎండబెట్టిన గడ్డి వాసన, కొంచెం బాదం వాసన. వెనిలిన్ అంటే ఐస్‌క్రీం తిన్న ప్రతివాళ్లకూ తెలుసు. ఫ్రాన్సులో గెర్లాన్ వాళ్లు 1889లో జిక్కీ అనే సెంటులో ఈ రెండింటినీ వాడారు. 1925లో షాలిమార్ వచ్చింది, అందులో వెనీలా దండిగా ఉంటుంది. అయినా అవి తీపి కలిసిన సెంట్లే, మిఠాయి సెంట్లు కావు. అసలు మలుపు 1992లో ముగ్లర్ వాళ్ల ఏంజెల్. ఒలివియే క్రెస్ప్ అనే ఆయన అందులో ఎథైల్ మాల్టోల్‌ను ఎవరూ వాడనంత వాడాడు. అది అచ్చం తీర్థంలో అమ్మే పీచు మిఠాయి వాసన. దానికి ఎదురుగా పచౌలీ అనే ఆకు వాసన పెట్టాడు, మట్టి వాసన, కాస్త చేదు, కాస్త కర్పూరపు ఛాయ. ఉత్త పీచు మిఠాయి అయితే పది నిమిషాల్లో వెగటు పుడుతుంది. పచౌలీ దాన్ని నిలబెట్టింది. ఆ తర్వాత వచ్చినవన్నీ దాని పిల్లలే. 2011లో ప్రాడా క్యాండీ, 2012లో లాంకోమ్ లా వీ ఎ బెల్, ఇంకా చాలా.

‘మృగమద సౌరభ విభవ ద్విగుణిత ఘనసార’ అన్న సమాసం దగ్గర నేను ఎప్పుడూ ఆగిపోతాను. కర్పూరం పైకి లేచిపోయే వాసన, తొందరగా పోతుంది. కస్తూరి కింద నిలిచే వాసన. కింద ఉన్నది పైదాన్ని పట్టి రెట్టింపు చేసింది. సెంట్లు కలిపేవాళ్లు ఈ రోజుకీ చేసే పని అదే.

పాలకొల్లు:
అయితే తెలుగులో పేరు దొరికినట్టే. వీటీగంధం. తాంబూలమంటే నోట్లో వేసుకునేది, పరిమళమూ అదే.

కాకినాడ:
ఒప్పుకోను. తాంబూలంలో ఘాటు ఉంది, వగరు ఉంది, తీపి లేదు. గూర్మాండ్‌కి ప్రాణం తీపి.

భీమవరం:
‘కమ్మ’ ఉండగా వేరే మాట వెతకడం ఎందుకు? కమ్మని వాసన, కమ్మని రుచి. మన భాషలో ముక్కుకీ నాలుకకీ ఒకే మాట. మన్మథుడు కమ్మవిల్తుడు. ఆయన విల్లు చెరకు. చెరకు గెడ ముక్కు దగ్గర పెట్టుకుంటే ఏం తెలుస్తుంది? నమిలితేగా. కాబట్టి కమ్మ అంటే మొదట తీపి, తర్వాత వాసన. కమ్మతావి అనండి.

ద్రాక్షారామం:
ఆయన పూవిలుకాడు కూడా కదండీ. పూవిల్లు అనుకుంటే మీ వాదం తలకిందులవుతుంది. పైగా కమ్మని పాట అంటాం, కమ్మని నిద్ర అంటాం. ఇంత విస్తరించిన మాట ఒక్క సెంటుకు పేరుగా నిలవదు.

ఆత్రేయపురం:
మాది పూతరేకులు చేసే ఇల్లు. సెంటు దగ్గర అన్నీ మగవారి ముక్కులే మాట్లాడుతున్నాయి కాబట్టి చెబుతున్నాను. మీరంతా పేరు వెతుకుతున్నారు, నాకు క్రియ కావాలి. పూలు గుబాళిస్తాయి. వంట ఘుమఘుమలాడుతుంది. మల్లెలు ఘుమఘుమలాడాయని అనగలరేమో గానీ, పులిహోర గుబాళించిందని మా ఊళ్లో ఎవరూ అనరు. మరి వంట వాసన వేసే సెంటు ఏం చేస్తుంది?

ఇంకో మాట. బోర్లించిన కుండ కింద తాటాకు మంట. పల్చటి గుడ్డను బియ్యప్పిండి జావలో ముంచి కుండ మీద ఒక్క లాగు లాగితే రేకు వస్తుంది. అప్పుడు వచ్చే ఆవిరి వాసనలో తీపి లేదు. అన్నం ఉడికిన వాసన, పొగ, తడి గుడ్డ. రేకు మీద నెయ్యి రాసి బెల్లం పొడి చల్లాక కూడా వాసన పెద్దగా మారదు. మడిచిన గంట తర్వాత డబ్బా మూత తీసినప్పుడు వస్తుంది అసలైనది. నెయ్యి, బెల్లం, యాలకులు విడివిడిగా కాదు, మూడూ ఒక్కటై. దానికి మా అత్తగారు ‘కలిసొచ్చింది’ అనేవారు. వాసన అనేవారు కాదు.

కాకినాడ:
అక్కయ్య గారూ, ఆ ‘కలిసి రావడం’ కోసమే సెంటు కొట్టుకున్నాక ఆగాలని చెబుతారు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు చేసే పొరపాటు దుకాణంలో కాగితం మీద కొట్టి, వెంటనే వాసన చూసి కొనేయడం. మొదటి పావుగంట వచ్చేది పై వాసన, నిమ్మజాతివీ పళ్లవీ ఎక్కువ, అవి ఎగిరిపోతాయి. వెనిలిన్ లాంటివి బరువు, నెమ్మదిగా లేస్తాయి, గంటలు నిలుస్తాయి. మణికట్టు మీద ఒక్కసారి కొట్టి, రుద్దకుండా, వేరే పని చూసుకుని గంట తర్వాత చూడాలి. మన డెల్టా ఉక్కలో తీపి సెంటు ఇంకా బరువెక్కుతుంది. చలిదేశం వాళ్లు నాలుగుసార్లు కొట్టుకునేది మనకు ఒక్కసారి చాలు. ఇంకొకటి, వెనిలిన్ ఉన్న సెంటు కాలం గడిచేకొద్దీ సీసాలోనే గోధుమరంగుకు తిరుగుతుంది. పాడైందని పారేయకండి. తెల్లచీర మీద మాత్రం కొట్టకండి, మరక పడుతుంది.

మొదటి సీసా తీపి ఎక్కువున్నది కొనకండి. బాదమో కొబ్బరో ఉన్నది మేలు. కోనసీమ వాళ్లకు కొబ్బరి వాసన చెప్పాలా? సెంట్లలో దాన్ని గామా నోనాలాక్టోన్‌తో తెస్తారు. మెంతులు కూడా చిత్రమైనవి. వాటిలో సోటోలోన్ అనే పదార్థం ఉంది. ఎక్కువైతే అచ్చం మెంతి వాసన, బాగా పలచబడితే కాల్చిన పంచదార వాసన.

నరసాపురం:
మెంతి నుంచి పంచదార అంటే వేమన గుర్తొచ్చాడు. ‘ఉప్పు కప్పురంబు నొక్క పోలిక నుండు, చూడజూడ రుచుల జాడ వేరు’. చిన్నప్పటి నుంచి అందరం చదివాం, కానీ ఎవరైనా ఆగి చూశారా? కప్పురానికి వాసన అనలేదు, రుచి అన్నాడు. పాయసంలో వేసే పచ్చకర్పూరం ఆయన మనసులో ఉంది. రుచుల ‘జాడ’ అన్నాడు, అది కూడా చూడండి. మాస్టారు పొలపుకు చెప్పిన అర్థం జాడే కదా.

ద్రాక్షారామం:
బాగా పట్టుకున్నావు తమ్ముడూ. ఇక కర్పూరం అన్నాక శ్రీనాథుణ్ణి తలవకుండా నేను ఉండలేను. మా భీమేశ్వరుడికి పురాణం రాసినవాడు, రాజమహేంద్రవరంలో రెడ్డిరాజుల నీడన బతికినవాడు. హరవిలాసం ఎవరికి అంకితమిచ్చాడు? అవచి తిప్పయ్యశెట్టికి. సముద్రం మీద ఓడల్లో సుగంధద్రవ్యాలు తెప్పించిన వర్తకుడు ఆయన. ఒక కవి గొప్ప కావ్యాన్ని సెంట్ల వ్యాపారికి ఇచ్చాడు, అందులో తక్కువతనం ఏమీ చూడలేదు. ‘పంజార కర్పూర పాదపంబులు దెచ్చి’ అని మొదలయ్యే సీసం చదవండి. ఆ పంజారం సుమత్రా దీవిలోని పన్సూరని చరిత్ర తెలిసినవారు చెబుతారు. అక్కడి కర్పూరం, భోట దేశపు కస్తూరి, ఒక్కో సరుకుకు ఒక్కో రేవు. పాదం పాదానికీ ‘దెచ్చి, దెచ్చి’ అంటుంటే రేవులో మూటలు దించుతున్న చప్పుడు నాకు వినిపిస్తుంది. మా ఇంట్లో ఆ సీసం రోజుకొకసారైనా చదవకపోతే...

పాలకొల్లు:
మాస్టారూ, ఆ సీసంలోనే గోవా నుంచి తెచ్చేది ‘సంకుమద’ ద్రవమా, ‘కుంకుమ’ ద్రవమా?

ద్రాక్షారామం:
సంకుమదమే. జవ్వాది. కుంకుమపువ్వు అనుకుని దిద్దినవాళ్లను నేను విన్నాను. పద్యం తెలియక చేసిన దిద్దుబాటు అది.

పాలకొల్లు:
తెలియని మాటను తెలిసిన మాటగా దిద్దుకోవడం మనకు కొత్త కాదు. అందుకే అంటున్నాను. పొలపు ఎవరికీ తెలియక జనం వలపు అన్నారని మీ వాదం. వలపుకు పరిమళమనే అర్థం పోయాక, ఆ మాట అక్కడ అతకలేదనుకుని ఎవరో పొలపు అని దిద్దలేదని మీకెలా తెలుసు?

ద్రాక్షారామం:
వలపు పరిమళమే అయితే ‘స్థగితేతర పరిమళమై’ అన్నాక మళ్లీ ‘పరిమళం తెలిపింది’ అంటాడా పెద్దన? పునరుక్తి. అంత దరిద్రం ఆ కలానికి లేదు.

అమలాపురం:
ఈ మాట మాత్రం గట్టిది. పొలుపుకు ఆ చిక్కు లేదని గమనించండి.

భీమవరం:
మొలసెన్ సంగతి ఎవరూ ఎత్తలేదు. మారుతము ఒలసెన్ అనే అందరం విడదీస్తున్నాం. ‘మారుతము మొలసెన్’ అనిపించదూ? లేని చోట గాలి మొలిచినట్టు.

ద్రాక్షారామం:
ఒలయు. వ్యాపించు. మొలిస్తే ‘మొలచెన్’ అవుతుంది. దయచేసి దాన్ని కదపకండి.

రావులపాలెం:
అందరికీ నమస్కారం. నిన్న మేనకోడలు ఊరెళ్లిపోయింది. వెళ్తూ సీసా నాకిచ్చింది, వాసన గంట తర్వాత ఎలా ఉంటుందో చూడమని. కాకినాడ గారు చెప్పినట్టే జేబురుమాలు మీద ఒక్కసారి కొట్టి, వీధి గది కిటికీకి వేలాడదీసి పొలానికి వెళ్లాను. తిరిగొచ్చేసరికి పాకం వాసన లేదు. పాత చెక్కబీరువా వాసన, దాని కింద సన్నగా తీపి. ఆత్రేయపురం అక్కయ్య గారి మాటలో కలిసొచ్చింది.

మా అమ్మ వసారాలో మంచం మీద ఉంది. చూపు సరిగా ఆనదు. కాలవ మీద నుంచి గాలి తిరిగి, రుమాలు కదిలింది. అమ్మ లేచి కూర్చుని, ‘పిల్ల మళ్లీ వచ్చిందా? బస్సు తప్పిపోయిందా ఏంటి?’ అంది.

ద్రాక్షారామం:
పొలపు.

పాలకొల్లు:
వాసన చూడగానే మనవరాలిని తలచుకుందండీ ఆవిడ. వలపు కాదని ఎలా అంటారు? ఎవరి దగ్గరైనా మనుచరిత్ర పాత ముద్రణ ఉంటే ద్వితీయాశ్వాసంలో ఆ పేజీ ఫోటో తీసి పెట్టండి.