తెల్లమచ్చ వైరస్‌కి ప్రాణం ఉన్నట్టా లేనట్టా?

ఆకివీడు_బీఎస్సీ:
మాకు రొయ్యల చెరువులున్నాయండి, ఈసారి వైట్ స్పాట్ కొట్టింది. మా బాబాయేమో అది ప్రాణమున్న పురుగే అంటాడు, నేను కణమే లేదు కాబట్టి వైరస్ జీవి కాదన్నా. "ప్రాణం లేంది ఒకటి కోట్లు ఎలా అయ్యిందిరా" అన్నాడు. మీరేమంటారు?

చెరువుగట్టు_ఉండి:
బాబాయి గారిదే కరెక్టు. అది ఎలా పాకుద్దో కళ్ళారా చూసినోణ్ణి, జబ్బు చెరువు నీళ్ళు కాలవలోకి వదిలేస్తే పక్కోడి చెరువులోకి, పీత నడిచొస్తే ఇంకోదాన్లోకి, కాకి చచ్చిన రొయ్య ఎత్తుకెళ్ళి పడేస్తే అందులోకి. మేత తింటున్నాయో లేదో చూసే చెక్ ట్రే ఎత్తితే మేత మేతలాగే ఉంటది, రొయ్యలు గట్టువారకి వచ్చేస్తాయి, తల డొప్ప ఒలిచి వెలుతురుకి పెడితే తెల్లటి చుక్కలు. 90ల్లో టైగర్ రొయ్యని ముంచేసింది, తర్వాత వనామీ రకం రొయ్య వస్తే దాన్నీ వదల్లేదు. అంతలా పెరిగేది జీవం కాదంటే ఎలా నమ్మమంటారండీ?

లెక్చరర్_రావులపాలెం:
అండీ, అది పెరగట్లేదు, రొయ్య కణం దాన్ని తయారు చేసిపెడుతోంది. తేడా ఇక్కడే ఉంది. బ్యాక్టీరియా అయితే తిని, పెరిగి, మధ్యకి చీలి రెండవుతుంది, ఆ చీలే టైములో కూడా అది కణమే, ఎక్కడా ఆగదు. కణం ఇంకో కణం నుంచే పుడుతుందని జర్మన్ డాక్టరు విర్కో 1855లో చెప్పింది ఇదే. వైరస్ చీలదు. కణంలోకి దూరగానే పైతొడుగు ఊడిపోయి డీఎన్ఏ మాత్రం కేంద్రకంలోకి పోతుంది, ఆ దశలో కణాన్ని కోసి మైక్రోస్కోపులో పెట్టినా కొత్త వైరస్ ఒక్కటి కూడా కనపడదు. ఆ తర్వాత రొయ్య రైబోజోములు (కణంలో ప్రొటీన్లు చేసే మిషన్లు), రొయ్య అమైనో ఆమ్లాలు (ప్రొటీన్‌కి ముడిసరుకు), రొయ్య ఏటీపీ (కణానికి కరెంటు లాంటిది) వాడి దాని ప్రొటీన్లు విడివిడిగా తయారై, చివర్లో అన్నీ ఒకచోట చేరి కొత్త వైరస్‌లు అవుతాయి. మన లంక పొగాకుకి వచ్చే మొజాయిక్ తెగులు తెలుసు కదా, ఆ వైరస్‌ని అమెరికా శాస్త్రవేత్త స్టాన్లీ 1935లోనే స్ఫటికాలుగా తీశాడు, అవి కరిగించి ఆకుకి రాస్తే మళ్ళీ తెగులొచ్చింది. స్ఫటికంగా ఉన్నన్నాళ్ళూ అది తినదు, ఊపిరి పీల్చదు, ఏ పనీ చెయ్యదు.

హ్యాచరీ_కాకినాడ:
మేష్టారూ ఏ పనీ చెయ్యకపోవటం లెక్కైతే మా ఆర్టీమియా (రొయ్య పిల్లలకి మేతగా వేసే చిన్న ఉప్పునీటి జీవి) సంగతేంటండీ, టిన్నులో ఏళ్ళ తరబడి ఎండిపోయి ఇసకలా పడుంటాయి ఆ గుడ్లు, ఉప్పునీళ్ళలో వేసి గాలి పెడితే ఒక రోజుకల్లా పిల్లలు ఈదుతుంటాయి. టిన్నులో ఉన్నప్పుడు వాటికి ప్రాణం లేదంటారా?

లెక్చరర్_రావులపాలెం:
ఉంది. చాలా మంచి ప్రశ్న. ఆ గుడ్డు లోపల కణాలున్నాయి, పొరలున్నాయి, రైబోజోములున్నాయి, ఆహారం దాచి ఉంది. నీళ్ళు తగిలితే తన పని తనే మొదలెడుతుంది, విత్తనపు ధాన్యం కూడా అంతే. తెల్లమచ్చ వైరస్‌ని ఒట్టి ఉప్పునీళ్ళలో ఎన్నాళ్ళు ఉంచినా రెండోది పుట్టదు, మెల్లగా పాడైపోతుంది. అందుకేగా చెరువు ఎండబెట్టి, బ్లీచింగ్ కొట్టి, పీతలు రాకుండా వల కట్టేది.

పీసీఆర్_ల్యాబ్_భీమవరం:
మేష్టారుతో సగమే ఒప్పుకుంటాను. మా దగ్గరికి సైజు రావట్లేదని తెచ్చే రొయ్యల్లో ఈహెచ్‌పీ అనే పరాన్నజీవిని చాలా చూస్తాం. అది వైరస్ కాదు, మైక్రోస్పోరిడియా, ఫంగస్‌కి దగ్గర చుట్టం, నిఖార్సైన కణం. కానీ గ్లూకోజ్‌ని విరగ్గొట్టే గ్లైకోలిసిస్ దారి కూడా పోగొట్టుకుంది, పనిచేసే మైటోకాండ్రియా (కణంలో ఏటీపీ తయారుచేసే భాగం) లేదు, ఏటీపీ మొత్తం రొయ్య కణం నుంచే లాక్కుంటుంది. రొయ్య బయట అది కూడా సొంతంగా ఒకటి రెండు కాలేదు. దాన్ని జీవి అని అందరూ ఒప్పుకుంటారు, వైరస్‌ని మాత్రం అరువు బతుకని తోసేస్తారు, ఇదేం న్యాయం?

లెక్చరర్_రావులపాలెం:
కరెంటు అరువు తెచ్చుకున్నా మిషను దాని సొంతం కదండీ. ఈహెచ్‌పీకి సొంత రైబోజోములున్నాయి, తన ప్రొటీన్ తనే చేసుకుంటుంది, కణంగానే ఉండి కణాల్నే కంటుంది. వైరస్ దగ్గర ఆ మిషనే లేదు. 2003లో బయటపెట్టిన మిమివైరస్ అనే పెద్ద వైరస్ జీనోము, అంటే దాని మొత్తం డీఎన్ఏ, 12 లక్షల బేస్ జతలు (డీఎన్ఏ అక్షరాలు), కొన్ని చిన్న బ్యాక్టీరియాల కన్నా పెద్దది, దానికి కూడా రైబోజోము లేదు. నేను గీత ఇక్కడ గీస్తాను.

ఇది పుస్తకాల గొడవనుకోవద్దు, దీని మీద రైతు డబ్బు పోతోంది. వైట్ స్పాట్‌కి యాంటీబయాటిక్ అంటగట్టే షాపులు ఇంకా ఉన్నాయి. టెట్రాసైక్లిన్, క్లోరాంఫెనికాల్ పట్టుకునేది బ్యాక్టీరియా రైబోజోముని, పెన్సిలిన్ కొట్టేది దాని గోడని. వైరస్‌కి ఈ రెండూ లేవు, మందు దేన్ని పట్టుకోవాలి? పైగా క్లోరాంఫెనికాల్ నిషేధం, అవశేషాలు దొరికితే కంటైనర్ వెనక్కి వస్తుంది. దయచేసి పోయకండి.

చెరువుగట్టు_ఉండి:
ఇది మాత్రం నిజమండి. మా ఊళ్ళో ఒకాయన అలాగే డబ్బాలు డబ్బాలు పోసి, చివరికి ఉన్న సైజుకే అయినకాడికి పట్టేసుకున్నాడు. అయినా ప్రాణం లేదన్న మాట నాకు మింగుడు పడట్లేదు.

ఆకివీడు_బీఎస్సీ:
సార్, రైబోజోము ఉంటే జీవి అన్నారు. మరి మైటోకాండ్రియాకి సొంత డీఎన్ఏ ఉంది, సొంత రైబోజోములున్నాయి, చీలి రెండు కూడా అవుతుంది. దాన్ని ఎందుకు జీవి అనం?

పీసీఆర్_ల్యాబ్_భీమవరం:
అదీ ప్రశ్నంటే!

లెక్చరర్_రావులపాలెం:
బాబూ, ఒకప్పుడు అది జీవే, విడిగా బతికిన బ్యాక్టీరియా. అమెరికా జీవశాస్త్రవేత్త లిన్ మార్గులిస్ 1967లో గట్టిగా వాదించింది అదే. క్లోరాంఫెనికాల్ మన ఎముక మజ్జని దెబ్బతీయటానికి ఒక కారణం కూడా మైటోకాండ్రియా రైబోజోము బ్యాక్టీరియా దాన్ని పోలి ఉండటమే. కానీ మనిషి మైటోకాండ్రియా డీఎన్ఏలో ఇప్పుడు మిగిలింది 37 జీన్లు, వాటితో అయ్యే ప్రొటీన్లు 13. దానికి కావలసిన మిగతా వందల ప్రొటీన్ల జీన్లు కేంద్రకంలో ఉన్నాయి, ఆ రైబోజోముకి కావలసిన ప్రొటీన్లు కూడా బయటనించే రావాలి. ఈహెచ్‌పీ తన రైబోజోముని తనే కట్టుకోగలదు, మైటోకాండ్రియా కట్టుకోలేదు. కాబట్టి రైబోజోము ఉండటం ఒక్కటే చాలదు, దాన్ని కట్టుకునే జీన్లు కూడా సొంతవై ఉండాలని నా గీతని ఇంకొంచెం బిగిస్తాను. బాబాయి గారికి ఇది చెప్పి, ఆయనేమంటారో ఇక్కడ రాయి.