సిమ్యులేషన్ మాత్రమే తెలిసినవాణ్ణి రోబోటిక్స్ ఇంజనీర్ అనొచ్చా?

బెల్లందూరు బాటసారి:
ఆరేళ్లుగా జావా బ్యాకెండ్‌లో ఉన్నాను. రాత్రిళ్లు కూర్చుని గజీబో, ముజోకో అనే రోబో సిమ్యులేటర్లు నేర్చుకున్నాను. ఎలక్ట్రానిక్ సిటీలో ఒక రోబో స్టార్టప్ సిమ్యులేషన్ ఉద్యోగం ఇస్తానంటోంది. జీతం మాత్రం మూడో వంతు తగ్గుతుంది. మా బావేమో "కంప్యూటర్లో బొమ్మలాట కూడా రోబోటిక్సేనా?" అంటున్నాడు. మీరేమంటారు?

కోరమంగళ కాఫీ:
మీ బావగారిది పాతకాలం మాట. జ్యూరిచ్ ఈటీహెచ్ యూనివర్సిటీ వాళ్లు యానిమల్ అనే నాలుగు కాళ్ల రోబోకి పరుగు నేర్పింది సిమ్యులేషన్‌లోనే, 2019 నాటికే. అక్కడ ఎన్నిసార్లు పడినా కాలు విరగదు. ముజోకో కూడా 2022 నుంచి ఓపెన్ సోర్సే. చేరిపోండి.

పీణ్య మెకానిక్:
కాఫీ గారూ, సగమే చెప్పారు. ఆ రోబో మోటార్లు కమాండ్‌కి ఎలా స్పందిస్తాయో ముందు అసలు రోబో మీదే కొలిచారు. ఆ డేటాతో న్యూరల్ నెట్‌వర్క్‌ని ట్రైన్ చేసి సిమ్యులేటర్లో పెట్టారు. కిటుకంతా అక్కడే ఉంది.

మా సంగతి చెప్తాను. అట్టపెట్టెలు ఎత్తే రోబో చెయ్యి. సిమ్యులేటర్లో రాత్రంతా ఒక్క పెట్టె జారలేదు. పొద్దున అసలు చేతికి ఎక్కిస్తే మొదటి పెట్టే జారి కింద పడింది. రెండు రోజులు కోడ్ అంతా గాలించాం, రోబో పనికి మార్కులు వేసే రివార్డ్ ఫంక్షన్ మార్చాం, ఒకటే టెన్షన్. చివరికి వైరింగ్ చేసే కుర్రాడు వచ్చి పెట్టెని పట్టుకునే గ్రిప్పర్ రబ్బరు మీద వేలితో రాసి చూపించాడు. వేలికి పిండిలా అట్ట పొట్టు! మేమేమో ఘర్షణ గుణకం 0.8 అని రాసుకుని నిశ్చింతగా ఉన్నాం. తర్వాత దాన్ని ప్రతి ఎపిసోడ్‌కీ, అంటే ప్రతి ప్రయత్నానికీ, 0.3 నుంచి 0.9 మధ్య మారుస్తూ మళ్లీ ట్రైన్ చేశాం. డొమైన్ రాండమైజేషన్ అంటారే, అదే. ఎంత నుంచి ఎంత దాకా మార్చాలో మాత్రం ఆ పొట్టు చూసినవాడే చెప్పాలి.

చేరండి. కానీ ఒకటి అడిగి చేరండి: ఆఫీసులో అసలు రోబో ఉందా, మిమ్మల్ని ముట్టుకోనిస్తారా?

కోరమంగళ కాఫీ:
అంటే ఐఐఎస్సీ లాంటి పెద్ద సంస్థ గేటు దాటినవాళ్లు తప్ప ఇంకెవరూ ఈ రంగానికి రాకూడదా?

పీణ్య మెకానిక్:
అలా అన్నానా అండీ? ఎలక్ట్రానిక్ సామాన్లు అమ్మే ఎస్పీ రోడ్డులో రెండు సెర్వో మోటార్లు, వాటిని నడపడానికి ఒక ఆర్డుయినో బోర్డు కొనుక్కోమనండి. కమాండ్ ఇచ్చాక సెర్వో కదలడానికి ఎంతసేపు పడుతుందో కొలిచి, ఆ ఆలస్యాన్ని సిమ్యులేటర్లో పెట్టమనండి. ఇంటర్వ్యూలో నేను అడిగేది అదే.

బెల్లందూరు బాటసారి:
ఫోన్ చేసి అడిగాను. రోబో ఉందట, పదకొండు మందికి ఒక్కటి. నా వంతు గురువారం. జీతం సంగతి ఇంట్లో ఇంకా చెప్పలేదు.