అప్‌డేట్: ప్లైవుడ్ కోతలో సర్క్యులర్ సా వెనక్కి తన్నడం ఆగింది

ప్లైవుడ్ షీట్‌ను పొడవునా కోస్తుంటే సర్క్యులర్ సా (గుండ్రని బ్లేడుతో కోసే కరెంటు రంపం) బ్లేడు మధ్యలో బిగుసుకుని మిషన్ వెనక్కి తన్నుతోందని, బ్లేడు మార్చాలా అని ఇంతకుముందు అడిగాను. మార్చనవసరం రాలేదు, చిక్కంతా షీట్‌కు ఇచ్చిన ఆసరాలోనే ఉంది. రెండు చివర్లలోనే బల్లలు ఉండడంతో, కోత సాగేకొద్దీ షీట్ మధ్యలో కుంగి, కోసిన సందు పైభాగాన మూసుకుపోయి బ్లేడును పట్టకారులా నొక్కేది. మీలో కొందరు సూచించినట్టు నేలపై మందపాటి థర్మాకోల్ పలక పరచి, షీట్‌ను మొత్తంగా దానిపై ఉంచి, బ్లేడు లోతును షీట్ మందం కన్నా 3 నుంచి 6 మిల్లీమీటర్లు మాత్రమే ఎక్కువగా అమర్చాక ఆ బెడద తీరింది.

గార్డు (బ్లేడును కప్పి ఉంచే రక్షణ తొడుగు) సంగతి అడిగినవారికి: ప్లగ్ తీసి, కింది గార్డును వెనక్కి లాగి వదిలితే అది మెల్లగా మూసుకునేది, లోపల పేరుకున్న రంపపు పొట్టును తుడిచాక టక్కున మూసుకుంటోంది. దానిని తెరిచి కట్టేయమన్న సలహాను మాత్రం నేను పాటించలేదు, పాటించను కూడా. మోటారు పూర్తి వేగం అందుకున్నాకే బ్లేడును చెక్కకు తాకిస్తూ, కోత గీతకు ఒక పక్కగా నిలబడుతున్నాను. ఇక అంచులు చిట్లడం అంటారా, బ్లేడు పళ్ళు కింది నుంచి పైకి కోస్తాయి కనుక షీట్ నునుపైన ముఖాన్ని కిందికి తిప్పితే చాలావరకు తగ్గింది.