‘దొరికితే దొంగ, దొరక్కపోతే దొర’: ఈ సామెత ప్రైవేటీర్లకి అతుకుతుందా?

ప్రశ్న: మాస్టారూ, 18వ శతాబ్దపు ప్రైవేటీర్ల గురించి చదువుతున్నాను. ప్రభుత్వం దగ్గర లైసెన్సు తీసుకుని శత్రుదేశపు సరుకు ఓడల్ని పట్టుకునేవాళ్ళు. వీళ్ళని సముద్రపు దొంగలు అనేయొచ్చా? చదువుతున్నంతసేపూ నాకు ఈ సామెతే నోట్లో మెదిలింది.

జవాబు: అతకదండీ. మన సామెతలో తేడా అంతా దొరకడంలో ఉంది. ప్రైవేటీరు శత్రువుకి దొరికినా దొంగ కాడు, యుద్ధఖైదీ అవుతాడు. అదే కాగితం లేనివాడైతే, దొరక్కుండా ఇంటికొచ్చినా దొర కాలేడు. వీళ్ళ విషయంలో ‘కాగితముంటే దొర, లేకపోతే దొంగ’ అనాలి.

ఆ కాగితం ఊరికే ఇచ్చేవాళ్ళు కాదు. 1776 ఏప్రిల్‌లో అమెరికా కాంగ్రెస్ పెట్టిన షరతు చూడండి: వంద టన్నుల లోపు ఓడకి 5,000 డాలర్లు, అంతకు మించితే 10,000 డాలర్లు పూచీకత్తు రాసివ్వాలి. ఓడ, ఫిరంగులు, తిండి ఖర్చు అన్నీ యజమానివే. పట్టుకున్న ఓడని కూడా తిన్నగా అమ్ముకోకూడదు, కోర్టు ముందు పెట్టాలి. అక్కడ దాని కాగితాలు చూసి, నావికుల్ని విచారించి, శత్రువుదేనని తేలిస్తేనే వేలం. ఇంగ్లండులో 1708 చట్టంతో రాణి ఆన్ ఆ పట్టుబడి సొత్తులో తన వాటా కూడా వదులుకుంది. ఇంకేం, బ్రిస్టల్ వర్తకులు ఎగబడ్డారు!

అసలు మజా మన బంగాళాఖాతంలోనే ఉంది. ఫ్రాన్సులోని సెయింట్ మాలో రేవు కుర్రాడు రాబర్ట్ సుర్కూఫ్, అప్పట్లో ఫ్రెంచివాళ్ళ చేతిలో ఉన్న మారిషస్ గవర్నరుని లైసెన్సు అడిగితే ఆయన కుదరదన్నాడు. సీషెల్స్ వెళ్ళి సరుకు తెస్తానని ఎమిలీ అనే ఓడలో బయల్దేరి, తిన్నగా హుగ్లీ ముఖద్వారానికొచ్చి వేట మొదలెట్టాడు. అక్కడ దారి చూపించే పైలట్ ఓడ ఒకటి చిక్కింది. 1796 జనవరిలో, బాలాసోర్ దగ్గర లంగరేసిన ఈస్టిండియా కంపెనీ ఓడ ట్రైటన్ పక్కకి ఆ పైలట్ ఓడలోనే వెళ్ళాడు. పైలట్ వస్తున్నాడనుకుని అటువాళ్ళు నింపాదిగా ఉన్నారు. దాక్కున్న మనుషులు ఒక్కసారిగా పైకి లేచారు. ట్రైటన్‌లో 26 ఫిరంగులు, ఇతనితో ఉన్నది ఇరవై మంది కూడా కాదు.

అంత చేసి మారిషస్ చేరితే, ‘నీకు లైసెన్సు లేదు కదా, ఈ సొత్తు ప్రభుత్వానిది’ అన్నారు. పారిస్ దాకా వెళ్ళి పోరాడితే గానీ డబ్బు చేతికి రాలేదు. 1800లో కెంట్ అనే ఇంగ్లీషు ఓడని పట్టినప్పుడు మాత్రం కాగితం జేబులో పెట్టుకునే వచ్చాడు.

ప్రశ్న: మరి సముద్రపు దొంగగా పేరుపడ్డ కెప్టెన్ కిడ్ దగ్గర ఇంగ్లండు రాజుగారి కాగితం ఉందిగా? 1701లో లండన్‌లో ఉరి తీశారుగా?

జవాబు: మంచి మెలిక పెట్టారు. కిడ్‌కి ఫ్రెంచి ఓడల్ని పట్టే అనుమతి ఉంది. కొచ్చిన్ దగ్గర పట్టిన ఓడలో ఫ్రెంచివాళ్ళు ఇచ్చిన పాసు దొరికిందని, కాబట్టి అది న్యాయమైన పట్టుబడేనని అతని వాదన. ఆ పాసు విచారణలో కోర్టు ముందుకు రానే లేదు. ఇరవయ్యో శతాబ్దంలో లండన్ దస్తావేజుల్లో బయటపడింది! హత్యానేరం కూడా మోపారు కాబట్టి, పాసు ఒక్కటీ ఉంటే బతికేవాడని నేననను.

ఎవరిచ్చిన కాగితమన్నదీ చూడాలి. అమెరికా ఇచ్చినవాటిని బ్రిటన్ లెక్కే చెయ్యలేదు. 1777లో చట్టం చేసి, పట్టుబడిన అమెరికన్లని రాజద్రోహం, ఓడదోపిడీ కింద విచారణ లేకుండా జైల్లో పెట్టింది. ఇక్కడ మాత్రం మీ సామెత కొంచెం పని చేస్తుంది, ఒప్పుకుంటాను.

ప్రైవేటీరు ఓడని తెలుగులో రాయాల్సొస్తే నేను ‘సన్నదు ఓడ’ అంటాను. సన్నదంటే అధికారులు రాసిచ్చే అనుమతి పత్రం. ఆ కాలంలో మన జమీందార్లు నవాబు దగ్గరా, కంపెనీ దగ్గరా పుచ్చుకున్నవీ సన్నదులే. ‘లైసెన్సు దొంగ’ అంటే నవ్వొస్తుంది గానీ కోర్టు సంగతి ఎగిరిపోతుంది.

ప్రశ్న: అయితే 1804లో విశాఖపట్నం మీదికొచ్చిన ఫ్రెంచి ఓడలూ సన్నదు ఓడలేనా?

జవాబు: కాదండీ. వాటిని నడిపిన లినోవా నౌకాదళం అడ్మిరల్, ఓడలు ప్రభుత్వానివి. ప్రిన్సెస్ షార్లెట్ అనే కంపెనీ ఓడని పట్టుకుపోయిన మాట నిజమే, కానీ దాన్ని ఈ ఖాతాలో రాయకూడదు.