ఇద్దరు భార్యలున్న బ్యారన్: కొడుకు ఎవరికి పుట్టాడో ఎలా తేల్చాలి?

వేరుపురుగు:
13వ శతాబ్దపు ఇంగ్లండ్ బ్యారన్ కుటుంబం. ఆయనకు ఇద్దరు భార్యలు. వారసుడు ఎవరి కొడుకో ఏ పత్రంలోనూ నేరుగా లేదు. ఆన్‌లైన్ వంశవృక్షాలన్నీ అతణ్ని రెండో భార్యకే కట్టబెట్టాయి. ఇంకా పైకి వెళ్తే వారెన్ కుటుంబం తగులుతోంది. అక్కడ మొదటి ఎర్ల్ వారెన్ భార్య గుండ్రెడాను, 1066లో ఇంగ్లండ్‌ను జయించిన రాజు విలియం ద కాంకరర్ కూతురిగా చూపిస్తున్నారు. నమ్మొచ్చా?

పాతముద్ర:
గుండ్రెడా కాంకరర్ కూతురు కాదు. ఆ మాట లూయిస్ మఠం పేరిట ఉన్న పత్రాలను పట్టుకుని పుట్టింది, వాటిలో తర్వాత మార్పుచేర్పులు చేసినవి ఉన్నాయి. ఆమె కొడుకు, రెండో ఎర్ల్ వారెన్‌కు కాంకరర్ కొడుకైన రాజు హెన్రీ 1 తన అక్రమ సంతానమైన కూతురినివ్వాలనుకుంటే, వధూవరులు చుట్టాలని ఆర్చిబిషప్ ఆన్సెల్మ్ అడ్డుచెప్పాడు. ఆయన చూపిన చుట్టరికం ఒకవైపు నాలుగో తరం, ఇంకోవైపు ఆరో తరం. గుండ్రెడా కాంకరర్ కూతురే అయితే వధూవరులిద్దరూ ఆయనకు స్వయానా మనవడూ మనవరాలూ. అంత దగ్గరి చుట్టరికాన్ని వదిలేసి ఆరో తరం దాకా ఎవరు వెతుకుతారు? పైగా చరిత్రకారుడు ఆర్డెరిక్ ఆమెను ఫ్లాండర్స్ వాడైన గెర్బోడ్‌కు తోబుట్టువంటాడు. ఆ గీత కొట్టేయండి.

భూమిలెక్క:
తల్లిని పెళ్లి పత్రాల్లో కాదు, భూమిలో వెతకాలి. బ్యారన్ రాజు నుంచి నేరుగా భూమి పొందినవాడైతే, చనిపోయాక ఇంక్విజిషన్ పోస్ట్ మార్టెం, అంటే మరణానంతర విచారణ జరిగి ఉంటుంది. ఏ భూమి, ఎవరి కింద, ఏ సేవకు, వారసుడెవరు, వయసెంత: జ్యూరీ ఇవి చెబుతుంది.

అందులో 'కర్టసీ ఆఫ్ ఇంగ్లండ్' కింద ఉన్న భూముల్ని విడిగా తీయండి. భార్యకు పుట్టింటి ఆస్తి ఉండి, ఆమెకు ఒక్క బిడ్డైనా ప్రాణంతో పుడితే (తర్వాత పోయినా సరే), ఆమె పోయాక ఆ భూమి భర్త బతికున్నంతకాలం ఆయన చేతిలోనే ఉంటుంది. ఆయన పోగానే అది ఆయన వారసుడికి కాదు, *ఆమె* వారసుడికి పోతుంది. మొదటి భార్య భూమికీ బ్యారన్ సొంత భూమికీ ఒకే కుర్రాడు వారసుడైతే, వాడు ఆమె కొడుకే. ఆమె భూమి ఆమె చెల్లెలికో మేనల్లుడికో పోతే, ఆమె సంతానం మిగల్లేదు, కాబట్టి కుర్రాడు రెండో ఆమెకు పుట్టినవాడు.

రెండో భార్య భర్త తర్వాత కూడా బతికితే ఆమె విచారణ వేరే చూడాలి. అక్కడ మూడో వంతు డవర్ భూమిని, అంటే భర్త పోయాక ఆమె బతికున్నంతకాలం అనుభవించే భాగాన్ని, లెక్కలోకి తీసుకోకండి. అది భర్త ఆస్తి, తిరిగి భర్త వారసుడికే పోతుంది. సగం తప్పులు ఇక్కడే.

పాతముద్ర:
ఒక సవరణ. దంపతులిద్దరి పేరా, వారి సంతానానికి చెందేలా రాసిన భూమి ఉంటే అది ఆ ఒప్పందం ప్రకారమే నడుస్తుంది. ముందు అది చూడండి.

లాటిన్‌తోనూ జాగ్రత్త. 'నెపోస్' అంటే మనవడు కావచ్చు, అన్నదమ్ముల లేదా అక్కచెల్లెళ్ల కొడుకూ కావచ్చు. 'అవుంకులస్' అంటే మేనమామ, 'పాత్రుస్' అంటే బాబాయో పెదనాన్నో. ఇంగ్లీషు అనువాదం రెండింటినీ 'అంకుల్' చేసేస్తుంది. మనకు వేర్వేరు మాటలున్నాయి కాబట్టి మూలం చూసి రాసుకోండి. కానీ గుమాస్తాలు ఆ తేడాను అన్నిసార్లూ పాటించలేదు.

వేరుపురుగు:
మొదటి భార్య భూమికి కూడా అదే కుర్రాడు వారసుడు! వయసు '21, ఆపైన' అని ఉంది. విచారణ తేదీ ఎడ్వర్డ్ 1 మొదటి ఏడాది, ఫిబ్రవరి 10. అంటే 1272?

భూమిలెక్క:
1273. ఆయన ఏలుబడి ఏడాది 1272 నవంబర్ 20న మొదలవుతుంది. అప్పట్లో ఇంగ్లండ్‌లో సంవత్సరం మార్చి 25న మారేది కాబట్టి నాటివాళ్లు ఆ ఫిబ్రవరిని 1272 అనే రాసి ఉంటారు. '1272/3' అని రాసుకోండి. '21, ఆపైన' అంటే మేజరు అని మాత్రమే, 40 ఏళ్లవాడైనా అలాగే రాసేవారు. దాన్నుంచి పుట్టిన సంవత్సరం లెక్కకట్టకండి.