2 కోర్ల సర్వర్‌లో దొరికిన క్లాస్ 4 కోర్లలో దొరకట్లేదు

పలాస నుంచి ప్రశ్న:
అందరికీ నమస్కారం. ఇక్కడ ఒక జీడిపప్పు వ్యాపారికి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ రాసిచ్చాను. జావా 17, స్ప్రింగ్ బూట్. డబ్ల్యూ180, డబ్ల్యూ240, డబ్ల్యూ320, బద్ద... ఒక్కో గ్రేడుకి లెక్క వేరు కాబట్టి క్లాసూ (ఆ లెక్క రాసిన కోడ్ ముక్క) వేరు. సెట్టింగ్స్ ఫైల్లో క్లాస్ పేరు రాస్తే ఒక లైబ్రరీ రిఫ్లెక్షన్‌తో (నడిచేటప్పుడు పేరుని బట్టి వెతికి) లోడ్ చేస్తుంది. మొన్న 2 కోర్ల సర్వర్ నుంచి 4 కోర్లకి మారాం. అదే జార్ (క్లాసులన్నీ కట్టిన ఫైలు), అదే జావా. అయినా ఇన్వొకేషన్‌టార్గెట్ ఎక్సెప్షన్ అనే ఎర్రర్ వస్తోంది. నా ల్యాప్‌టాప్‌లో ఎడిటర్ నుంచి నడిపితే ఏ గొడవా లేదు. షావుకారు గారు గంటకోసారి ఫోన్ చేస్తున్నారు, టెన్షన్‌గా ఉంది.

బొబ్బిలి నుంచి:
అది పైన చుట్టిన కాగితమే తమ్ముడూ, అసలు సరుకు లోపలుంటుంది. రిఫ్లెక్షన్‌తో పిలిచిన మెథడ్‌లో ఏం పేలినా దాంట్లోనే చుట్టి ఇస్తుంది. లాగ్‌లో కింద 'కాజ్డ్ బై' చూడు.

పలాస:
క్లాస్‌నాట్‌ఫౌండ్, అంటే క్లాస్ దొరకలేదంటోంది అన్నా. డబ్ల్యూ320 క్లాస్ పేరే చూపిస్తోంది.

బొబ్బిలి:
అయితే పేరులో అక్షరం తప్పు, లేదా జార్‌లోకి ఎక్కలేదు.

పలాస:
జార్ విప్పి చూశాను, ఉంది. పాత సర్వర్‌లో ఇదే జార్ ఇప్పటికీ నడుస్తోంది కదా.

విజయనగరం నుంచి:
బాబూ, ఆ లెక్కని కంప్లీటబుల్‌ఫ్యూచర్ సప్లైఅసింక్‌లో (పనిని వేరే థ్రెడ్‌కి అప్పగించేది) పెట్టావా? పెడితే లోడ్ అయ్యే చోట థ్రెడ్ పేరు, దాని కాంటెక్స్ట్ క్లాస్‌లోడర్ (ఆ థ్రెడ్‌కి క్లాసులు వెతికిపెట్టేది) రెండు సర్వర్లలోనూ ప్రింట్ చేసి ఇక్కడ పెట్టు.

పలాస:
అవును సార్, అందులోనే ఉంది. పాతదాంట్లో 'థ్రెడ్-14', లోడర్ టామ్‌క్యాట్‌ది (స్ప్రింగ్ బూట్ లోపలి వెబ్ సర్వర్). కొత్తదాంట్లో 'ఫోర్క్‌జాయిన్‌పూల్ కామన్‌పూల్ వర్కర్-1', లోడర్ 'యాప్‌క్లాస్‌లోడర్'.

విజయనగరం:
దొరికింది. నీ జావా 17లో సప్లైఅసింక్‌కి మనం ఎగ్జిక్యూటర్ (పనుల్ని థ్రెడ్లకి పంచేది) ఇవ్వకపోతే కామన్ పూల్ (జావా అందరికీ కలిపి ఉంచే థ్రెడ్ల గుంపు) వాడుతుంది. కానీ ఆ పూల్ సమాంతరత (ఒకేసారి నడిపే పనుల సంఖ్య) 1 దాటితేనే. మామూలుగా అది కోర్ల సంఖ్యలో ఒకటి తక్కువ. 2 కోర్లకి 1 వస్తుంది కాబట్టి పాతదాంట్లో పూల్ జోలికే పోకుండా పనికో కొత్త థ్రెడ్ పుట్టించింది. అలా పుట్టిన థ్రెడ్‌కి తల్లి థ్రెడ్ లోడరే వస్తుంది, దానికి నీ క్లాసులన్నీ తెలుసు. 4 కోర్లలో పూల్ అందుకుంది. జావా 9 నుంచి కామన్ పూల్ థ్రెడ్లకి సిస్టమ్ లోడరే ఇస్తారు, నీకు కనపడిన యాప్‌క్లాస్‌లోడర్ అదే. స్ప్రింగ్ బూట్ జార్‌లో దానికి పైపైన ఉండే లాంచర్ తప్ప, బూట్-ఇన్ఫ్ ఫోల్డర్ లోపలున్న నీ క్లాసులు కనపడవు. ఎడిటర్‌లో అన్నీ విడివిడిగా క్లాస్‌పాత్‌లో ఉంటాయి, అందుకే అక్కడ బయటపడలేదు.

నిజమో కాదో చూడాలంటే కొత్త సర్వర్‌లో కామన్ పూల్ ప్యారలలిజమ్ ప్రాపర్టీని 1 చేసి నడుపు. పని చేస్తే రోగం ఇదే. అది మందు మాత్రం కాదు, అలాగే వదిలేయకు.

పలాస:
పని చేసింది సార్! మరి మందేటి?

విజయనగరం:
సప్లైఅసింక్‌కి రెండో ఆర్గ్యుమెంట్‌గా నీ సొంత ఎగ్జిక్యూటర్ ఇవ్వు, స్ప్రింగ్ మొదలయ్యేటప్పుడు తయారైనది. దాని థ్రెడ్లకి సరైన లోడర్ ఉంటుంది. నా లెక్కన తప్పు లైబ్రరీది కూడా. క్లాస్.ఫర్‌నేమ్‌కి కాంటెక్స్ట్ లోడర్ ఒక్కటే ఇస్తోంది. అక్కడ దొరక్కపోతే, మన క్లాసు అమలు చేసే ఇంటర్‌ఫేస్‌ని (క్లాసులో ఉండాల్సిన మెథడ్ల జాబితా) లోడ్ చేసిన లోడర్‌లో కూడా వెతకాలి. వాళ్ళకి ఆ సంగతి రాయి, ఈ ప్రింట్లు జతచెయ్యి.

బొబ్బిలి:
నేనైతే కొత్త యూఆర్ఎల్ క్లాస్‌లోడర్ ఒకటి పెట్టేవాణ్ణి.

విజయనగరం:
ఆ పని చెయ్యొద్దు. ఇంటర్‌ఫేస్ కూడా దానితో రెండోసారి లోడైతే, పేరు ఒకటే అయినా జావాకి అవి రెండు వేరు క్లాసులు. అప్పుడు క్లాస్‌కాస్ట్ ఎక్సెప్షన్ వస్తుంది, అదే పేరుని అదే పేరుగా మార్చలేనంటుంది. నేను ఒకసారి రెండు రాత్రులు దానితోనే గడిపాను.

పలాస:
ఎగ్జిక్యూటర్ పెట్టాను, ప్రాపర్టీ తీసేశాను. డబ్ల్యూ320 బిల్లు వచ్చింది. షావుకారు గారికి చెప్తే "ఇంతసేపూ కోర్లు ఎక్కువై ఆగిందా?" అని నమ్మట్లేదు.

బొబ్బిలి:
పప్పు తెస్తేనే మేమూ నమ్ముతాం.